ఇంటికొక పనిబల్ల

హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల ఇండ్లలో బండి నిలుపుకొనుటకు ఒక రేకుల షెడ్డో, వసారాలో ఒక మూలయో నేడు తరచుగా కానవచ్చును. ఆ మూలలోనే సుత్తి, రంపము, మేకుల డబ్బా, విరిగిన కుర్చీకాలు పడియుండును. పనిముట్లున్నవి, పని చేయు చోటు మాత్రము లేదు. తలుపుగడియ కొరకు కొయ్యను చెక్కవలసి వచ్చినపుడు గడపమీదనో, మెట్టుమీదనో, మంచపుపట్టె మీదనో దానిని ఆనించి, ఎడమచేత పట్టుకొని, కుడిచేత ఉలి నడుపుచుందుము.

మేమును అట్లే చేసినవారమే. ఒకనాడు పాత చదువుబల్లమీద పలకను పెట్టి గాడి తీయుచుండగా సుత్తిదెబ్బకు బల్ల ప్రక్కకు ఒరిగెను. ఉలి జారి ఎడమచేతి బొటనవ్రేలి మొదట దిగెను. మూడు కుట్లు పడినవి. ఉలి మంచి పదునుగలది. దానియందు తప్పు లేదు. తప్పు బల్లది, దానిని ఎంచుకొన్న మాది. ఆ గాయము మానిన పిదప మేము మొట్టమొదట చేసిన పని, ఒక గట్టి పనిబల్లను సమకూర్చుకొనుట. ఆ పనిలో తెలిసికొన్న సంగతులను విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఇచట విన్నవించుచున్నాము.

నేలమీదినుండి బల్లమీదికి

మన తాతల కాలపు వడ్రంగికి బల్ల లేదు. అతడు చెట్టునీడను నేలమీద కూర్చుండి, కొయ్యను అరికాళ్లతోను కాలివ్రేళ్లతోను అదిమిపట్టి, బాడిసతో చెక్కెడివాడు. అతని పాదములే అతనికి పట్టు. భూమియే అతనికి బల్ల. భూమికంటె కదలని బల్ల ఎక్కడనున్నది? కావున ఆ పద్ధతిని మోటదని తీసివేయరాదు. కాని అది చిన్ననాటినుండి అలవడిన దేహమునకే సాధ్యము. బడికి పోవు బాలుడు కాలివ్రేళ్ల నడుమ కొయ్యను పట్టి పదునైన బాడిసను నడుపుట అపాయకరము.

పనిబల్ల కూడ పాతదే. జర్మనీలోని సాల్‌బర్గ్ అను ప్రాచీన రోమను కోట త్రవ్వకములలో అట్టి బల్ల దొరకినది. అది మోకాలి ఎత్తున నుండు పొట్టిబల్ల. 1769లో ఫ్రాన్సు దేశపు వడ్రంగి ఆంద్రే రూబో తన వృత్తిని గూర్చి వ్రాసిన గొప్ప గ్రంథమున, అయిదారు అంగుళముల మందముగల ఒకే పలకతో చేసిన బల్లను వర్ణించెను. దేశములు వేరు, కాలములు వేరు, కోరిక ఒక్కటే. కొయ్య కదలకుండవలెను, బల్ల ఊగకుండవలెను.

గట్టిదనము ఎక్కడనున్నది?

బల్ల గట్టిదనము పలక మందములో నున్నదని చాలమంది భావింతురు. విలువైన టేకుతో చేసినచో చాలునని మరికొందరు. రెండును పూర్తిగా నిజము కావు. గట్టిదనము కాళ్లు, పట్టెలు కలియు చోట నున్నది.

దీనిని ఒక చిన్న ప్రయోగముచే తెలిసికొనవచ్చును. గట్టి అట్టను నాలుగు పట్టీలుగా కత్తిరించి, మూలలయందు గుండుసూదులతో కలిపి చతురస్రము చేయుడు. ఒక ప్రక్కనుండి వ్రేలితో నెట్టుడు. చతురస్రము వెంటనే ఒరిగిపోవును. పట్టీలలో ఒక్కటియు వంగలేదు, విరుగలేదు. అయినను ఆకారము చెడినది. ఇపుడు మూలనుండి మూలకు అయిదవ పట్టీని ఏటవాలుగా బిగించి మరల నెట్టుడు. ఇక కదలదు. చతురస్రము రెండు త్రిభుజములైనది. భుజముల పొడవు మారనంతవరకు త్రిభుజము ఆకారము మారదు. గణిత తరగతిలో చదివిన సంగతియే ఇచట బల్లకు బలమైనది.

చిత్రిక పట్టునపుడు చేయి బల్లను పొడవునా ముందుకు నెట్టుచుండును. ఉలిని కొట్టునపుడు దెబ్బ నిలువుగా పడును. మొదటిదానికి ఏటవాలు పట్టెలు ఎదురు నిలుచును; రెండవదానికి లావైన కాళ్లు ఆధారమగును. మా చదువుబల్లకు కాళ్లు సన్ననివి, ఏటవాలు పట్టె అసలే లేదు. ఒరుగక ఏమి చేయును?

మూడవ బలము బరువు. మన జిల్లాలో నల్లరాతికి కొదువలేదు. తోటల కంచెలకు పాతు రాతికూసములలో విరిగిన ముక్కలను రెండింటిని బల్ల క్రింది అరలో పెట్టినచో, తేలిక బల్ల కూడ చోటు వదలక నిలుచును.

కొయ్యను ఎంచుట

టేకు మంచిదే, కాని పనిబల్లకు అంత వ్యయము అవసరము లేదు. మామిడి మన ప్రాంతమున విరివిగా దొరకును, చౌక. అయితే పురుగు తొందరగా పట్టును. పలకక్రింద పిండివంటి పొడి రాలుచున్నచో పురుగు లోన ఉన్నట్లు. చింత, తుమ్మ మిక్కిలి గట్టివి; కాళ్లకు బాగుగా నుండును గాని చిత్రికకు సులభముగా లొంగవు. వేపకు చెదలు అంతగా పట్టవు. కాని ఆరునపుడు మెలితిరుగవచ్చును. నీలగిరి కొయ్యయు అంతే, పచ్చిది కొనరాదు.

పెంకుటిండ్లు విప్పినపుడు వచ్చు పాత దూలములు, ద్వారబంధములు, తలుపురెక్కలు అన్నిటికంటె మేలైనవి. ఏండ్ల తరబడి ఆరినవగుటచే ఇక వంగవు. వానిలో దాగిన మేకులను వెదకి తీసిన పిదపనే రంపము పెట్టవలెను.

1970ల నుండి హోసూరు పారిశ్రామిక పట్టణమైనది. యంత్రములు వచ్చు కొయ్యపెట్టెలు, సామాను ఎత్తు చట్రములు పాతసామాను అంగళ్లలో దొరకును. విదేశములనుండి వచ్చు వానిపై ఒక ముద్ర ఉండును. అందు హెచ్.టి. అను అక్షరములున్నచో కొయ్యను వేడిచేసి పురుగును చంపినట్లు, ఎం.బి. అని యున్నచో విషవాయువు పట్టించినట్లు. ఈ రెండవదానిని ఇంటికి తేకుండుటయే మంచిది.

కొయ్య తేమను పీల్చును, విడుచును. తేమ మారినపుడు వెడల్పులో ఉబ్బుచు తగ్గుచుండును. పొడవులో దాదాపు మారదు. ఐప్పసి, కార్తిక వానలలో బిగించిన బల్ల చైత్రపు టెండలకు వదులగుట ఇందువలననే. కావున మేకులు కొట్టుటకంటె బోల్టులు వేయుట మేలు. వేసవి రాగానే నట్టును ఒక చుట్టు బిగించిన చాలును.

కొలతలు, కూర్పు

అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఇంటిపనులకు చాలును. ఎత్తును మాత్రము పుస్తకము చూచి కాక, పని చేయువారిని నిలువబెట్టి నిర్ణయింపవలెను. చెప్పులు తొడిగి నిటారుగా నిలిచి, చేతులు క్రిందికి వ్రేలాడవిడువుడు. మణికట్టు ఉన్న ఎత్తే చిత్రిక పనికి తగిన ఎత్తు. పెద్దలకు అది ముప్పదిరెండు అంగుళముల దాపున నుండును. పిల్లలకు ఇంకను తక్కువ. బల్ల ఎత్తు ఎక్కువైన భుజము నొచ్చును. తక్కువైన నడుము నొచ్చును. ఇంట పెద్దలును పిల్లలును అదే బల్లను వాడునట్లయిన, పెద్దల ఎత్తునకే చేసి పిల్లలు నిలుచుటకు వెడల్పైన చెక్కపీటను వేయవచ్చును. ఇనుపపనికి వాడు వైసు పైభాగము మోచేతి ఎత్తున నుండవలెను.

కాళ్లు మూడంగుళముల చదరముకంటె సన్నగా నుండరాదు. మొదట రెండు ప్రక్కచట్రములను సిద్ధము చేయవలెను. ఒక్కొక్క చట్రమునకు రెండు కాళ్లు, పైన ఒక అడ్డపట్టె, నేలకు ఆరంగుళముల ఎత్తున మరియొక అడ్డపట్టె. పట్టె కొనను సన్నగా చెక్కి, కాలిలో దానికి సరిగా పట్టు బెజ్జము తొలిచి, జిగురు పూసి దిగగొట్టినచో అది తరముల వరకు నిలుచు కూర్పు. అంత నేర్పు ఇంకను రానివారు పట్టెను కాలికి ఆనించి, కూర్పుకు రెండేసి బోల్టులు వేయవచ్చును. ఒక్క బోల్టు చాలదు. దానిచుట్టు పట్టె తిరుగును.

తరువాత రెండు చట్రములను పొడవుపట్టెలతో కలుపవలెను. అప్పుడు నూలుత్రాడుతో మూలనుండి మూలకు రెండు వైపుల కొలిచి చూడుడు. రెండు కొలతలును సమానమైన, ఎదురుబొదురు భుజములు సమానముగా నున్నంతవరకు, మూలలు సరిగా లంబకోణములైనట్లే. వెనుకవైపున ఏటవాలు పట్టెలు కాని, వెనుకభాగమంతయు కప్పు ప్లైవుడ్ పలక కాని బిగింపవలెను. ఆ పలక ఏటవాలు పట్టె పనినే చేయును.

పైపలక రెండంగుళములకు తక్కువ కాకుండుట మంచిది. పాత తలుపురెక్కయైనను, పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు మూడింటిని జిగురుతోను స్క్రూలతోను అతికించినదైనను సరిపోవును. పలక ముందంచు ముందుకాళ్లతో ఒకే వరుసలో నుండవలెను. అప్పుడు పొడవైన చెక్కను కాలికి ఆనించి బిగించుకొనవచ్చును. ఎడమకొన దగ్గర ఒక చదరపు బెజ్జము తొలిచి, అందు పైకి క్రిందికి జరుగు కొయ్యచీలను దిగగొట్టుడు. చిత్రిక పట్టునపుడు చెక్క దానికి ఆని నిలుచును. తాతల కాలివ్రేళ్లు చేసిన పనిని ఇక ఆ చీల చేయును.

కొనువారికి

చేయు తీరిక లేనివారు కొనవచ్చును. అంగడిలో పెయింటు నిగనిగ చూడరాదు. బల్ల అంచున రెండు చేతులు ఉంచి పొడవునా గట్టిగా నెట్టి చూడుడు. ఒక చెంబునిండ నీరు పోసి బల్లమీద పెట్టి, కాలికి పైగా కొయ్యసుత్తితో కొట్టుడు. నీరు ఒకమారు తొణికి నిలిచినచో కొనదగినది. బల్లతోపాటు చెంబు కూడ నడచినచో ఇంటికి నడచిరండు.

నిలుపు చోటు

వెలుతురు ఎడమవైపునుండి పడుచోట బల్లను నిలుపుట కుడిచేతివారికి అనుకూలము. కాళ్లక్రింద రాతిపలకలు వేయవలెను. చెదలు నేలనుండి మట్టిదారులు కట్టుకొని ఎక్కును. నెలకొకమారు కాళ్ల వెనుక చూచి, దారి కనబడినచో తుడిచివేయవలెను. షెడ్డులో స్కూటరు ఉన్నచో పెట్రోలును మరువరాదు. చిత్రిక తొక్కు, పెట్రోలు ఆవిరి, సానయంత్రపు నిప్పురవ్వ ఈ మూడును ఒకచోట కూడరాదు. బండిని బయటకు తీసి, తొక్కును ఊడ్చి, ఆ పిమ్మటనే పని మొదలుపెట్టవలెను.

బల్లచుట్టు మాటలు

తల్లిదండ్రులలో కొందరు, “చదువుకొను పిల్లలకు ఉలి ఎందుకు?” అని అడుగుదురు. 1910లో గాంధీజీ దక్షిణాఫ్రికాలో జోహాన్నెస్‌బర్గు దాపున టాల్‌స్టాయ్ క్షేత్రమును నెలకొల్పెను. అచట గుజరాతీలతోను తమిళులతోను పాటు ఆంధ్రులును నివసించిరి. తమకు కావలసిన బల్లలు మొదలు పెట్టెల వరకు వారే వడ్రంగము నేర్చి చేసికొనిరి. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసమావేశము, విద్య చేతిపని మూలమున సాగవలెననియు, అది మాతృభాషలో జరుగవలెననియు తీర్మానించెను. ఈ రెండు మాటలు ఒకేచోట చేరుట కాకతాళీయము కాదని మా నమ్మకము.

మన సంగతియే చూడుడు. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. 2006లో తమిళమును తప్పనిసరి పాఠ్యాంశము చేయు చట్టము వచ్చినది. ఇరుగుపొరుగుల భాష నేర్చుట మనకు లాభమే. ఇచట మూడు భాషలు ఒకే సంతలో తిరుగుచున్నవి. మన వడ్రంగి తమిళమున తచ్చరు, కన్నడమున బడగి. రంపము తమిళమునను రంపమే, కన్నడమున గరగస. ఉలి మాత్రము మూడిండ్ల చుట్టము: మనకు ఉలి, వారిరువురకును ఉళి.

అయితే చిత్రిక, బాడిస, మూలమట్టము అను మాటలు పాఠ్యపుస్తకములలో అరుదు. అవి పెద్దలు పని చేయుచు “ఆ చిత్రిక ఇటు తేరా, నాయనా” అన్నపుడే పిల్లల చెవిని పడును. పని ఇంటినుండి పోయినచో వానిని పలుకు సందర్భము కూడ పోవును. మాటను చిత్రిక పట్టుట అను పలుకుబడి మిగిలినను, చిత్రిక యనగా నేమో చూపువారు మిగులరు.

కావున బాలబాలికలారా, ఈ సెలవులలో బల్లను కూర్చునపుడు ఒక నోటుపుస్తకమును దగ్గర ఉంచుకొనుడు. పట్టె కొనలో చెక్కిన ఆ సన్నని భాగమును మీ తాతగారు ఏమందురో, బెజ్జమును ఏమందురో అడిగి వ్రాసికొనుడు. ఊరూరికి పేరు మారవచ్చును, అన్నియు వ్రాయుడు. వానిని మన పత్రికకు పంపినచో ఒకచోట కూర్చి ప్రకటింతుము. మా బొటనవ్రేలి మచ్చ మాకు నేర్పిన పాఠము ఒక్కటే: కూర్పు వదులైనచోటనే ఉలి జారును. ముందు కాళ్లు గట్టిగా బిగింపుడు. ఆపై ఎంతటి పనియైనను చేయవచ్చును.