తోడు చుక్కంత క్రీము

ఇలా రండర్రా, అరుగు మీద చాప పరిచాను. కరెంటు ఎలాగూ పోయింది, మీ ఫోన్లలో ఛార్జింగూ అయిపోవచ్చింది, ఇక ఈ తాతయ్య తప్ప మీకు గతి లేదు. చంటీ, ఆ జంతికల డబ్బా మధ్యలో పెట్టరా, నీ ఒళ్లో కాదు.

మొన్న మన బుజ్జి హైదరాబాదు నుంచి పండక్కి వచ్చిందా, ఆటో దిగీ దిగగానే మీ మామ్మ గుండెలు బాదుకుంది. "ఇదేమిటే తల్లీ, మొహం ఇలా కమిలిపోయిందేం? ఉల్లిపొరల్లా లేస్తోందే!" అని. ఎండలో తిరిగిందేమో అనుకుంది, హాస్టలు నీళ్లు పడలేదనుకుంది, చివరికి ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి దిష్టి కూడా తీసేసింది. అసలు సంగతి రాత్రి భోజనాలయ్యాక బయటపడింది. బ్యాగులోంచి బొటనవేలంత ట్యూబు తీసి నా చేతిలో పెట్టింది బుజ్జి. మొటిమలకని డాక్టరుగారు పక్కగది అమ్మాయికి రాసిచ్చిన క్రీముట. ఆ పిల్ల మొహం నున్నగా అయిపోయిందిట. ఇంకేం, మనదీ ఒకటి కొనేసుకుని, తొందరగా తగ్గాలని పొద్దునా రాత్రీ స్నో రాసుకున్నంత ధారాళంగా పట్టించింది. అయిదో రోజుకి ఉల్లిపొరలు.

కళ్లజోడు సవరించుకుని ట్యూబు మీది అక్షరాలు చదివాను. ట్రెటినాయిన్, 0.025 శాతం, 20 గ్రాములు. ముప్ఫై అయిదేళ్లు సైన్సు చెప్పినవాణ్ణి, అంకె కనిపిస్తే లెక్క కట్టకుండా ఉండలేను. 20 గ్రాముల్లో 0.025 శాతమంటే 5 మిల్లీగ్రాములు. మనం వండుకునే బియ్యపు గింజ ఒక్కటి తూస్తే ఇంచుమించు 20 మిల్లీగ్రాములుంటుంది. అంటే ట్యూబు మొత్తంలో ఉన్న అసలు మందు బియ్యపు గింజలో పావు వంతు! మిగతాదంతా దాన్ని మోసుకొచ్చే వెన్న. పావు గింజలో కొంచెం వాడితేనే మొహం ఇలా అయిందంటే, ఆ మందు చేసే పనేమిటో తెలుసుకోకపోతే నిద్ర పడుతుందా?

ముందు మొటిమ సంగతి. మీ బుగ్గ మీది ప్రతి సన్న వెంట్రుకకీ అడుగున ఒక గొట్టం, దాని పక్కన నూనె ఊరే సంచీ ఉంటాయి. చేలోకి నీళ్లు పారే బోదె లాంటిదన్నమాట. ఈడు రాగానే ఒంట్లో హార్మోన్లు లాకులు ఎత్తేస్తాయి, నూనె జోరుగా పారుతుంది. పారితే బాధ లేదు. కానీ ఆ గొట్టం లోపలి గోడా చర్మమే కదా, అక్కడి కణాలు కూడా పుట్టి, పైకొచ్చి, ఎండి రాలిపోతూ ఉంటాయి. మామూలుగా అయితే మీ మామ్మ పులిహోరలో మెతుకుల్లా దేనికది విడివిడిగా రాలి, నూనెతో పాటు బయటికి కొట్టుకుపోతాయి. మొటిమల మొహంలో మాత్రం నీళ్లెక్కువైన అన్నంలా ముద్ద కట్టేస్తాయి. నేను వండితే వచ్చే అన్నం అనుకోండి. ఆ ముద్ద బోదెకి అడ్డం పడుతుంది, వెనకాల నూనె నిలవుండిపోతుంది. నిలవ నీట్లో దోమ పెరిగినట్టు, ఆ నూనె మేసే సూక్ష్మజీవి ఒకటి అక్కడ పెరుగుతుంది. ఒళ్లు దాని మీద యుద్ధానికి దిగుతుంది. ఎరుపూ, వాపూ, చీమూ అన్నీ ఆ యుద్ధం తాలూకే. గొట్టం నోరు తెరుచుకుని ఉంటే ముద్ద పైన నల్లచుక్క కనిపిస్తుంది. అది మురికనుకుని తోముతారు పాపం. గాలి తగిలి రంగు మారడమే అది, కోసిన వంకాయ ముక్క నల్లబడదూ, అలాగ. గట్టు ఎంత ఊడిస్తే మాత్రం బోదెలో పూడిక పోతుందా?

ఇంకో సంగతి, ఇవాళ పొద్దున అద్దంలో కనిపించిన మొటిమకి లోపల ముద్ద కట్టడం కొన్ని వారాల కిందటే మొదలై ఉంటుంది. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

సరే, ఈ ట్రెటినాయిన్ ఎవరయ్యా అంటే, విటమిన్ ఎ గారింటి పిల్లవాడు. నా చిన్నప్పుడు మన వీధి చివర ఒకాయనకి రేచీకటి ఉండేది. దీపాలు పెట్టే వేళకి గోడ పట్టుకుని నడిచేవాడు. మేక కార్జం తినిపించమన్నారు పెద్దవాళ్లు. కొన్నాళ్లకి గోడ వదిలేశాడు. కార్జంలో విటమిన్ ఎ ఉందని ఊళ్లో ఎవరికి తెలుసు? అమెరికాలో మెకాలమ్, డేవిస్ అనే ఇద్దరు 1913లో ఎలుకలకి రకరకాల తిళ్లు పెట్టి చూసి, వెన్నలోనూ గుడ్డు సొనలోనూ అవి ఎదగడానికి కావలసినదేదో ఉందని పట్టుకున్నారు. ఆ తర్వాత కథలో మనవాళ్లూ ఉన్నారర్రా. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది చూశారూ, వాళ్ల పరిశోధన పుణ్యమా అని 1970 నుంచి మన దేశంలో చిన్నపిల్లలకి ఆరు నెలలకోసారి విటమిన్ ఎ మందు పోస్తున్నారు. చంటీ, అంగన్‌వాడీలో నువ్వు మొహం చిట్లించుకుని మింగింది అదే.

ఈ విటమిను తక్కువైతే చూపుతో పాటు చర్మమూ దెబ్బతింటుంది. గరుకెక్కి, వెంట్రుక గొట్టాలు పూడుకుపోతాయి. మరి ఎక్కువైతే? అది 1597లో కొందరు డచ్చి నావికులు తమ ఒంటి మీదే చూపించారు. విలియం బారెంట్స్ అనే ఆయన ఓడ ఉత్తరాన నొవాయా జెమ్ల్యా దగ్గర మంచులో చిక్కుకుపోయింది. చలికాలమంతా అక్కడే పడి ఉన్నారు. ఒకనాడు తెల్ల ఎలుగుబంటిని చంపి దాని కార్జం వండుకు తిన్నారు. అందరూ జబ్బుపడ్డారు. ముగ్గురికైతే మరీ విషమించి, తల నుంచి కాలి దాకా ఒంటి తోలు ఊడిపోయిందని వాళ్లలోనే ఒకాయన రాసిపెట్టాడు. ఆ కార్జంలో విటమిన్ ఎ ఎంత దారుణంగా పేరుకుని ఉంటుందో 1943లో గానీ ఎవరూ కొలిచి చెప్పలేదు. బుజ్జి వచ్చిన రాత్రి ఈ ముక్క చెబుతుంటే బుజ్జి చెయ్యి దానంతటదే బుగ్గ మీదికి పోయింది. "వాళ్లు తిన్నారు, నువ్వు రాసుకున్నావు, అంతేనే తేడా" అన్నాను.

తాతయ్యా, బజారులో రెటినాల్ సీరమ్ అని అమ్ముతారు, అదీ ఇదీ ఒకటేనా అని అడిగింది. మంచి ప్రశ్న. వడ్లు, బియ్యం, అన్నం ఒకటేనా? మూడూ ఒక చేలోవే. రెటినాల్ వడ్లు. చర్మం దాన్ని దంచి రెటినాల్డిహైడ్ అనే బియ్యం చేసుకోవాలి, దాన్ని వండి రెటినాయిక్ ఆమ్లమనే అన్నం చేసుకోవాలి. దంపులో కొంత నూకైపోతుంది, కొంత ఎగిరిపోతుంది, చివరికి విస్తట్లోకి వచ్చేది తక్కువ. డాక్టరు రాసిచ్చే ట్రెటినాయిన్ ఉందే, అది నేరుగా వండిన అన్నం. అందుకే దాని దెబ్బ గట్టిది, చీటీ మీద అమ్మాల్సిన మందు అది.

ఈ అన్నాన్ని మొటిమలకి వడ్డించి పేరు తెచ్చుకున్నవాడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చర్మవైద్యుడు. 1969లో ఫలితాలు అచ్చువేశాడు, 1971లో అమెరికాలో అమ్మకానికి అనుమతి వచ్చింది. ఇక్కడ ఒక రాయి తగులుతుంది పంటికి. ఈయనగారు అదే ఊళ్లోని హోమ్స్‌బర్గ్ జైల్లో 1951 నుంచి 1974 దాకా ఖైదీల మీద రకరకాల ప్రయోగాలు చేశాడు. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. చిల్లర డబ్బులు చేతిలో పెట్టి, ఒంటి మీద రాసేదేమిటో సరిగ్గా చెప్పకుండా చేశాడు. కొందరికి ఆ మచ్చలు జన్మంతా ఉండిపోయాయి. విశ్వవిద్యాలయం వైద్యశాఖ 2021లోనూ, ఆ నగరం 2022లోనూ క్షమాపణ చెప్పుకున్నాయి. మందు మంచిదే కదా అని ఈ ముక్క మింగేసే మాస్టార్లంటే నాకు పడదు.

ఇంతకీ తమాషా ఏమిటంటే, అందరూ ఈ క్రీము రాసుకుంటున్న రోజుల్లో అది ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. 1987లో ఫ్రాన్సులో షాంబోన్ బృందం, అమెరికాలో ఎవాన్స్ బృందం వేరువేరుగా ఆ గుట్టు విప్పాయి. ఈ మందు కణంలోకి దూరి, మధ్యనున్న కేంద్రకంలో తనకోసమే ఉన్న ఒక గ్రాహకాన్ని పట్టుకుంటుంది. తాళంచెవి తాళంలో పడ్డట్టు. ఆ రెండూ కలిసి జన్యువుల దగ్గర కూర్చుని, ఇది తయారుచెయ్యి, అది ఆపు అని పురమాయిస్తాయి. దాంతో కణాలు క్రమంగా పుట్టడం, ముద్ద కట్టకుండా విడివిడిగా రాలడం మళ్లీ నేర్చుకుంటాయి. సున్నిపిండిలా పైపైన రుద్దే పని కాదిది, పొయ్యి దగ్గరి వంటమనిషికి మాట చెప్పే పని. మాట చెప్పడానికి ఎంత మందు కావాలి చెప్పండి?

మీ మామ్మ గిన్నెడు పాలకి తోడెంత వేస్తుంది? చెంచాడు. గరిటెడు వేస్తే పెరుగు తొందరగా తోడుకోదూ అంటే, తోడుకుంటుంది, పులిసి చస్తుంది. అరగంటకోసారి మూత తీసి చూస్తే బాగా తోడుకుంటుందా? లాక్టోబాసిల్లస్ పేరు తెలియకుండానే మీ మామ్మకి ఈ లెక్కంతా తెలుసు. బుజ్జిని ఊరి చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళితే ఆవిడ చెప్పిందీ అదే. మొహం మొత్తానికి బఠాణీ గింజంత చాలు. నుదుటి మీద, బుగ్గల మీద, గడ్డం మీద తలా ఒక చుక్క పెట్టి పల్చగా సర్దాలి. మొటిమ మీద మాత్రమే అద్దితే లాభం లేదు, ఎందుకంటే రాబోయే మొటిమలు కనపడకుండా పక్కనే ముద్ద కడుతున్నాయి కదా. కళ్ల అంచులు, ముక్కు మడతలు, పెదాల మూలలు వదిలెయ్యాలి. మొదట్లో రెండు మూడు రోజులకోసారి రాత్రి పూట, చర్మానికి అలవాటయ్యాక రోజూ రాత్రి. మొహం కడుక్కుని బాగా ఆరాకే రాయాలి, తడి చర్మం మందుని మరీ లోపలికి లాగేస్తుంది. పొడిబారితే ముందో వెనకో మాయిశ్చరైజరు. రాత్రే ఎందుకంటే వెలుతురులో ఈ మందు చెడిపోతుంది, దండెం మీద వదిలేసిన రంగు చీర వెలిసిపోయినట్టు. పగలు ఎండకి సన్‌స్క్రీన్ తప్పదు, పై పొర లేతగా ఉంటుంది కనక. ఈ మందు వాడుతూ వాక్సింగుకి పోతే వెంట్రుకతో పాటు తోలూ లేచొస్తుంది, పెళ్లిళ్ల సీజన్లో జాగ్రత్త. నిమ్మరసాలు, టూత్‌పేస్టులు, మీ హాస్టలు వైద్యాలన్నీ కట్టిపెట్టు అంది. మంటకి ఓర్చుకోలేనివాళ్లకి అడాపలీన్ అని ఇదే ఇంట్లో కాస్త నెమ్మదస్తుడున్నాడు, అతన్ని ఇస్తారు.

ఇంకా చూడండి, మొదలుపెట్టిన కొత్తలో కొందరికి మొటిమలు తగ్గకపోగా పెరుగుతాయి. వేసవిలో కాలవ కట్టేసి పూడిక తీయిస్తారు కదా, ఆ నాలుగు రోజులూ గట్టంతా బురదే. అది చూసి పలుగూ పారా పారేసి ఇంటికి పోతే పనవుతుందా? కింద పుట్టిన కణం పైకొచ్చి రాలడానికే నెల పడుతుంది. పన్నెండు వారాలు చూడందే ఈ మందు పనిచేసిందీ లేనిదీ తేలదు. అలాగని ఓర్పు పేరుతో మంట భరించడమూ తప్పే. మన చామనఛాయ చర్మానికి ఒక చిక్కుంది, ఎక్కడ మంట పుడితే అక్కడ నల్లమచ్చ మిగుల్చుకుంటుంది. మొటిమ పోయి మచ్చ మిగిలితే ఏం బాగు?

రెండు మాటలు మాత్రం నవ్వకుండా చెబుతాను. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఈ క్రీము జోలికి పోకూడదు. ఇదే ఇంటిదైన ఐసోట్రెటినాయిన్ మాత్రలైతే కడుపులో బిడ్డని అవిటి చేసేంత పని చేస్తాయి. రెండోది, మందుల షాపులో చీటీ లేకుండా తెల్లబడే క్రీమని ఇచ్చేవి. క్లిగ్‌మనే 1975లో ట్రెటినాయిన్‌కి హైడ్రోక్వినోన్‌నీ ఒక స్టిరాయిడ్‌నీ కలిపి మంగుమచ్చల కోసం ఒక మిశ్రమం చేశాడు. డాక్టరు చూస్తూండగా కొన్నాళ్లు వాడాల్సిన అలాంటి మూడు మందుల కలగూరగంపని మన దేశంలో ఏళ్ల తరబడి స్నోలా రాసుకున్నారు. మొదటి నెల చందమామ మొహం. ఆ తర్వాత చర్మం పల్చబడి, సన్న రక్తనాళాలు తేలి, మానేస్తే భగ్గున మండే మొహం. మన చర్మవైద్యుల సంఘం గగ్గోలు పెట్టగా పెట్టగా, 2018లో ప్రభుత్వం ఇలాంటి స్టిరాయిడ్ క్రీములని చీటీ ఉంటేనే అమ్మాలంది. షాపుల్లో మాత్రం ఇప్పటికీ అడిగితే ఇస్తారు, నేను చూస్తూనే ఉన్నాను.

బుజ్జి వారం రోజులు ట్యూబు ముట్టుకోలేదు, ఎరుపు తగ్గింది. నిన్న రాత్రి వంటింట్లోకి వెళ్లి డబ్బాలోంచి ఎండు బఠాణీ ఒకటి తెచ్చి, చూపుడువేలి మీద క్రీము పక్కన పెట్టుకుని కొలుచుకుంటోంది. ఈ క్రీము వాడిన పెద్ద వయసు ఆడవాళ్లు మొటిమల సంగతలా ఉంచి, మొహం మీద ముడతలు తగ్గాయని చెప్పడం మొదలుపెట్టారనీ, దాన్ని పట్టుకుని క్లిగ్‌మన్ 1986లో ఇంకో పరిశోధన అచ్చువేశాడనీ నేను దానికి చెబుతున్నాను. అటు పక్క పాలగిన్నెలో తోడు వేస్తున్న మీ మామ్మ చెయ్యి ఆగింది. మూత పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఒసే బుజ్జీ, ఆ ట్యూబు ఏదీ, ఇలా చూడనీ" అంది.