తీగ లాగుతుంది.. పలక పరుగెడుతుంది
సముద్ర తీర విహారంలో కొత్త ఆకర్షణ కేబుల్ వేక్‌బోర్డింగ్
ఈత రాకున్నా ఫర్వాలేదనుకుంటే పొరపాటే

పంజాగుట్ట: వరుసగా మూడు రోజులు సెలవులొస్తే చాలు.. అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లోని వసతి గృహాలు బోసిపోతాయి. కంప్యూటర్ కోర్సులు, పోటీ పరీక్షల శిక్షణ కోసం వచ్చిన యువతీయువకుల్లో కొందరు సొంతూళ్లకు వెళితే, మరికొందరు సముద్ర తీరాల బాట పడతారు. సూర్యలంక, రుషికొండ, గోవాలతో ఆగక ఉద్యోగాల్లో కుదురుకున్నవారు థాయిలాండ్ వరకూ వెళ్లి వస్తున్నారు. విదేశీ తీర పట్టణాల్లో వారిని ఆకట్టుకుంటున్న క్రీడల్లో కేబుల్ వేక్‌బోర్డింగ్ ఒకటి. పేరు కొత్తగా ఉన్నా ఇందులోని సూత్రం మన బావి గిలకను పోలినదే.

ఎలా పనిచేస్తుంది?
నీటికి ఇరువైపులా రెండు స్తంభాలు నాటి, వాటి మధ్య ఉక్కు తీగను చుట్టూ తిరిగేలా బిగిస్తారు. విద్యుత్ మోటారు తిప్పే చక్రం ఆ తీగను లాగుతుంది. తీగకు వేలాడే తాడు చివర ఒక పిడి ఉంటుంది. కాళ్లను పలకకు బిగించుకున్న వ్యక్తి ఆ పిడిని పట్టుకుంటే తీగతో పాటు నీటిపై జారుతూ సాగిపోతాడు. గట్టుపై ఉండే నిర్వాహకుడు వేగాన్ని పెంచుతూ, తగ్గిస్తూ, దిశను మారుస్తూ ఉంటాడు. చిన్న పార్కుల్లో ఒకసారి ఒక్కరికే అవకాశం. పడిపోతే మోటారు ఆపి, పిడిని తిరిగి వారి దగ్గరకే చేరుస్తారు. అందుకే నేర్చుకునేవారికి ఇవే అనువైనవి. ఐదారు స్తంభాలుండే పెద్ద పార్కుల్లో పలువురు ఒకేసారి తిరుగుతారు. అక్కడ పడినవారు వెనుక వచ్చేవారి దారి నుంచి తప్పుకొని, ఈదుకుంటూ గట్టు చేరాల్సిందే.

ఎక్కడి నుంచి వచ్చింది?
1922లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే యువకుడు మోటారు పడవ వెనుక చెక్క పలకలపై నిలబడి నీటిపై జారాడు. వాటర్ స్కీయింగ్‌కు అదే నాంది. పడవ లేకుండా తీగతోనే లాగే పద్ధతిని జర్మనీకి చెందిన ఇంజినీరు బ్రూనో రిక్సెన్ రూపొందించగా, 1960ల నుంచి వ్యాప్తిలోకి వచ్చింది. రెండు పలకల స్థానంలో ఒకే పలకపై అడ్డంగా నిలబడే వేక్‌బోర్డింగ్ 1980ల తర్వాత ఊపందుకుంది. పడవ వెనుక లేచే అలను ఇంగ్లిషులో ‘వేక్’ అంటారు. తీగ పార్కులో పడవా ఉండదు, ఆ అలా ఉండదు, పేరు మాత్రం నిలిచిపోయింది. 2020 ఒలింపిక్స్‌లో చేర్చేందుకు 2011లో పరిశీలించిన ఎనిమిది క్రీడల్లో ఇదీ ఉన్నప్పటికీ చోటు దక్కలేదు.

తీరంలో ఉన్నా సముద్రంలో కాదు
ఈ పార్కులను సాధారణంగా అలల్లో ఏర్పాటు చేయరు. తీరానికి సమీపంలోని చెరువునో, అలలు లేని నీటి పాయనో ఎంచుకుంటారు. పలక నిలకడగా జారాలంటే నీరు కదలకుండా ఉండాలి. పడిన మనిషిని లోపలికి లాక్కుపోయే ప్రవాహమూ ఉండకూడదు.

తొలిసారి వెళ్లేవారు మోకాళ్లు ముడిచి, చేతులు చాచి నీటిలో కూర్చున్నట్లు ఉండాలి. తీగ లాగగానే లేచి నిలబడాలన్న తొందరే చాలామందిని పడేస్తుంది. పలక నీటిపైకి తేలే వరకు ఓపిక పట్టి ఆ తర్వాతే నెమ్మదిగా లేవాలి. పట్టు తప్పుతోందనిపిస్తే పిడిని వెంటనే వదిలేయాలి. తాడును చేతికి చుట్టుకోవడం ప్రాణాపాయం.

ఇవి మరవద్దు
* ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్, హెల్మెట్ లేకుండా నీటిలో దిగవద్దు. జాకెట్ పట్టీలన్నీ బిగించుకోవాలి.
* ఈత రానివారు ముందే ఆ సంగతి నిర్వాహకులకు చెప్పాలి. జాకెట్ తేలుస్తుందే గానీ భయాన్ని పోగొట్టదు.
* మెడలో గొలుసులు, ఉంగరాలు, కళ్లద్దాలు తీసేయాలి. చున్నీలు, వదులు దుస్తులు పనికిరావు.
* మద్యం తాగి దిగరాదు. గుండె జబ్బు, వెన్నునొప్పి, భుజం నొప్పి ఉన్నవారు, గర్భిణులు దూరంగా ఉండాలి.
* ఎగిరి దూకేందుకు నీటిలో అమర్చిన వాలు బల్లల జోలికి కొత్తవారు వెళ్లకూడదు.
* రుసుము చెల్లించే ముందే అత్యవసరంగా మోటారు ఎలా ఆపుతారో, పడినవారిని ఎవరు రక్షిస్తారో అడగాలి.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక పడవ మునిగి సుమారు 50 మంది ప్రాణాలు కోల్పోయారు. హైదరాబాద్, వరంగల్ నుంచి వెళ్లినవారూ అందులో ఉన్నారు. నీటిపై వినోదం ఏదైనా, రక్షణ ఏర్పాట్ల గురించి అడగడం పర్యాటకుల హక్కు. సంకోచించాల్సిన పని లేదు.

చెంతనే సాగరం.. అయినా
అమీర్‌పేట, పంజాగుట్టలకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే హుస్సేన్‌సాగర్ ఉంది. అక్కడ తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. 2009లో ఏర్పాటైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద పిల్లలకూ శిక్షణ ఇస్తోంది. ఇక్కడే సాధన చేసిన ప్రీతి కొంగర 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో దేశం తరఫున పాల్గొన్నారు.

తెరచాప పడవ నడిపేవారు ఎక్కువసేపు నీటికి పైనే ఉంటారు. వేక్‌బోర్డింగ్ నేర్చుకునేవారు మాత్రం గంటలో పదిసార్లు మునుగుతారు, నీళ్లు మింగుతారు. ఆ నీటిలోకి చేరేది మనం వదిలే మురుగే. బంజారాహిల్స్ వైపు నుంచి పంజాగుట్ట మీదుగా ఒక నాలా, కూకట్‌పల్లి వైపు నుంచి బేగంపేట మీదుగా మరో నాలా సాగర్‌లో కలుస్తాయి. శుద్ధి కోసం 2006లో జపాన్ రుణ సాయంతో ప్రాజెక్టు చేపట్టినా, సాగర్ స్నానయోగ్యం కాలేదు.

అందుకే ఇక్కడి యువత కాసేపు నీటిలో ఆడుకోవడానికి 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి సముద్రం చేరుతోంది. ఇళ్ల నుంచి, హోటళ్ల నుంచి చెత్త నాలాలో పడకుండా చూసుకోవడం స్థానికుల చేతిలో పని. మురుగు కలవకుండా చూడటం అధికారుల బాధ్యత. ఆ రెండూ జరిగితే తీగ పార్కు కోసం విదేశాల దాకా వెళ్లాల్సిన అవసరం ఉండదు.