ఆకాశములో చిరునామా

పక్షి పోయిన దారికి ఆకాశమున గుర్తు మిగులదని మన పూర్వులు తలంచిరి. పక్షి విషయమున ఆ మాట నేటికిని చెల్లును. మానవుడు నిర్మించిన పక్షి విషయమున మాత్రము చెల్లదు. ఈనాడు మేడమీదుగా ఒక విమానము పోవుచున్నప్పుడు, క్రింద నున్న కుర్రవాడు కొలది వేల రూపాయల విలువగల చిన్న రేడియో పరికరమును కంప్యూటరునకు తగిలించి, ఆ విమానము ఏది, ఎంత ఎత్తున నున్నది, ఎంత వేగమున ఎటు పోవుచున్నది తెరమీద చదువుకొనగలడు. ఇందులో దొంగతనమేమియు లేదు. విమానమే ఆ సంగతులన్నియు బిగ్గరగా చెప్పుకొనుచు పోవుచున్నది. అట్లు చెప్పుకొని తీరవలెనని శాసించిన దెందుకు? చెప్పిన మాట ఎవరెవరి చెవిని బడుచున్నది? ఈ రెండు ప్రశ్నలును నేడు వైమానికలోకమున పెద్ద వాదమునకు కారణమైనవి.

విమానము కంటికి కనబడకమునుపే దాని ఉనికిని పసిగట్టు విద్యకు నాంది 1935 ఫిబ్రవరి 26వ తేదీన ఇంగ్లండులోని డావెంట్రీ దగ్గర జరిగినది. బి.బి.సి. రేడియో కేంద్రమునుండి వెలువడిన తరంగములు ఎగురుచున్న బాంబరు విమానమును తాకి మరలి వచ్చుటను రాబర్ట్ వాట్సన్ వాట్, ఆర్నాల్డ్ విల్కిన్స్ అను శాస్త్రజ్ఞులు ఆనాడు నిరూపించిరి. అయిదేండ్ల తరువాత జర్మను విమానములు బ్రిటనుమీదికి వచ్చినప్పుడు, తీరమున నిలిచిన రాడార్ స్తంభములు ఆ దేశమునకు ఎంత తోడ్పడినవో చరిత్ర చదివినవారికి చెప్ప పనిలేదు. కాని ఆ రాడార్‌కు పుట్టుకతోనే ఒక లోపమున్నది. అది చీకటిలో చేయి చాచి తడుముకొను వానివంటిది. ఏదో తగిలినదని చెప్పును. తగిలినవాడు చుట్టమో, శత్రువో చెప్పజాలదు. విమానాశ్రయములలో వాడు ఈ జాతి రాడార్ సాధారణముగా దిక్కును, దూరమును చూపునే గాని ఎత్తును చూపదు.

ఆ లోపమును తీర్చుటకు యుద్ధకాలముననే రెండవ ఉపాయము పన్నిరి. రాత్రి గస్తీ తిరుగు తలారి “ఎవరక్కడ?” అని కేకవేయును, ఎదుటివాడు తన పేరు చెప్పును. నేటి పద్ధతిలో క్రిందినుండి రాడార్ 1030 మెగాహెర్ట్జ్ మీద ప్రశ్నించును. విమానములోని ట్రాన్స్‌పాండర్ అను పరికరము 1090 మెగాహెర్ట్జ్ మీద బదులు చెప్పును. ఆ బదులులో నాలుగంకెల సంకేతము, విమానమున్న ఎత్తు వచ్చును. సంకేతములలో కొన్నింటికి ప్రత్యేకార్థములు గలవు. 7500 అనిన విమానమును దుండగులు పట్టుకొనిరని, 7600 అనిన రేడియో మూగవోయినదని, 7700 అనిన ఆపద ముంచుకొని వచ్చినదని అర్థము.

ఈ రెండవ జాతి రాడార్ లేకపోవుట ఎంతటి అనర్థమో మన దేశమే చవిచూచినది. 1996 నవంబరు 12వ తేదీ సాయంకాలము ఢిల్లీనుండి బయలుదేరిన సౌదీ అరేబియా బోయింగ్ 747 పైకి లేచుచున్నది. కజకిస్థాన్ నుండి వచ్చుచున్న ఇల్యూషిన్ 76 క్రిందికి దిగుచున్నది. ఆ ప్రాంతపు ఆకాశములో అధికభాగము వైమానికదళము అధీనమున నుండుటచేత వచ్చు విమానములకును, పోవు విమానములకును ఒకటే త్రోవ. సౌదీ విమానమును 14,000 అడుగుల వద్ద నిలువుమనిరి. కజక్ విమానమును 15,000 అడుగులకు దిగి ఆగుమనిరి. నడుమ వేయి అడుగుల ఎడము. రెండు చుక్కలు ఒకదానికొకటి ఎదురుగా వచ్చుట కంట్రోలర్ తెరమీద చూచెను. ఎదుట విమానమున్నదని కజక్ వైమానికులను హెచ్చరించెను గూడ. కాని ఆ తెరకు ఎత్తులు తెలియవు. ఎత్తు తెలియవలెనన్న పైలట్ నోటిమాటయే ఆధారము. కజక్ విమానము తనకు నిర్ణయించిన హద్దును మీరి దిగిపోయినది. చర్ఖీ దాద్రీ పొలములపైన రెండును ఢీకొన్నవి. ఒకదానిలో 312 మంది, మరియొకదానిలో 37 మంది. చివరకు ఒక్కరును దక్కలేదు.

తప్పు కజక్ వైమానికులదని విచారణలో తేలినది. అయినను ఆ రెండు చుక్కల ప్రక్కన ఎత్తులు గూడ కనబడియుండినచో కంట్రోలర్ నోట మరియొక మాట వచ్చుటకు వ్యవధి యుండెడిదేమో. పిమ్మట మన దేశమునకు వచ్చిపోవు విమానములలో పరస్పర ఘర్షణను నివారించు పరికరము ఉండి తీరవలెనని నిబంధించిరి. ఆ పరికరమైనను ఎదుటి విమానపు ట్రాన్స్‌పాండర్ పలికిననే పనిచేయును. మూగ విమానము దానికి లేనట్లే.

రాడార్ కేంద్రమన్న కోట్ల రూపాయల వ్యవహారము. చిన్న విమానాశ్రయములకు ఆ భాగ్యము లేదు. ఉన్నచోట గూడ కొండ అడ్డమైనను, భూమి వంపు అడ్డమైనను, క్రిందుగా ఎగురు విమానము దాని చూపునకు అందదు. నడిసముద్రము సంగతి చెప్పనే అక్కరలేదు. కావున మూడవ ఉపాయము పుట్టినది. ఎవరో అడుగువరకు ఆగక విమానమే దండోరా వేసికొనుచు పోవలెను. ఉపగ్రహముల సాయమున తానున్న చోటును తాను తెలిసికొని, సెకండునకు ఇంచుమించు రెండుమార్లు దానిని లోకమునకు ప్రకటించును. దీనినే ఏ.డి.ఎస్.-బి. అందురు. అమెరికాలో పెద్ద విమానాశ్రయముల పరిసరములలోను, ఎత్తైన ఆకాశములోను ఇది 2020 జనవరి 1వ తేదీనుండి నిర్బంధమైనది. ఈ దండోరాకు తాళము వేయుట కుదరదు. ఎదురుగా వచ్చునది ఏ దేశపు విమానమైనను దీనిని విని అర్థము చేసికొనవలెను గదా! తాళములేని మాటను దారినపోవు వాడును వినును.

చిక్కంతయు ఆ మాటలో ఇమిడియున్న చిరునామాతో వచ్చినది. ప్రతి విమానమునకును 24 బిట్ల సంఖ్య యొకటి గలదు. అట్టి సంఖ్యలు కోటి అరువదియేడు లక్షలకు పైగా నుండగా, వానిని దేశదేశములకు పంచియిచ్చిరి. భారతదేశము వంతునకు 2,62,144 వచ్చినవి. నాలుగంకెల సంకేతము ప్రయాణమునకొకటిగా మారును. ఈ చిరునామా అట్లుగాక ఇంటిపేరువలె విమానమును అంటియుండును. అమెరికాలో విమానముల రిజిస్టరు బహిరంగ పత్రము. చిరునామానుండి విమానము నంబరునకు, నంబరునుండి యజమాని పేరునకు, పేరునుండి ఇంటి గుమ్మమునకు పోవుటకు ఎంతోసేపు పట్టదు.

ఇట్టి గ్రాహకములను వేలాదిమంది వేడుకకాండ్రు ప్రపంచమంతటను ఇండ్లమీద నిలిపియున్నారు. స్థానము చెప్పక చిరునామా మాత్రమే పలుకు విమానమును గూడ వారు వదలరు; ఒకే పలుకు నాలుగు గ్రాహకములకు చేరిన కాలభేదమును లెక్కగట్టి చోటు తేల్చుదురు. ఎలాన్ మస్క్ విమానము ఎక్కడ దిగినదో ఒక కళాశాల విద్యార్థి ఈ రీతిగనే లోకమునకు చాటుచుండెను. మానుకొనుటకు మస్క్ 5,000 డాలర్లు ఇవ్వజూపినను ఆ కుర్రవాడు ఒప్పలేదు. ట్విట్టర్ మస్క్ చేతికి వచ్చిన పిమ్మట 2022 డిసెంబరులో అక్కడి ఆ ఖాతా మూతపడినది. కోటీశ్వరుని బాధను చూచి నవ్వుకొనువారు కలరు. నవ్వుటకంటె గంభీరమైన ప్రయోజనమును ఈ వేడుకలో లేకపోలేదు. 2001 తరువాత అమెరికా గూఢచారి సంస్థ అనుమానితులను గుట్టుగా దేశములు దాటించినప్పుడు, ఆ విమానముల రాకపోకలు బయటపడుటకు తోడ్పడినవారిలో విమానాశ్రయపు కంచెలవద్ద నిలిచి నంబర్లు వ్రాసికొను సామాన్యులున్నారు. అధికారము రహస్యము కోరినప్పుడు అట్టి కన్నులు లోకమునకు అవసరమే.

కాని ఈ వాదములో మస్క్‌కంటె చిన్నవాడొకడున్నాడు. రెండు మూడు సీట్ల పాతవిమానమును అప్పుచేసి కొని, సెలవుదినమున ఎగురు పైలట్ వాడు. ఎదుటి విమానమునకు కనబడవలెననియే వాడు తన డబ్బుతో ఈ పరికరము పెట్టించుకొనెను. ఇప్పుడు కొన్ని విమానాశ్రయములు ఆ దండోరానే విని, ఎవరెన్నిమార్లు దిగిరో లెక్కగట్టి, ఇంటికి రుసుము చీటీలు పంపుచున్నవి. నేర్చుకొను విద్యార్థి దిగుట, లేచుట పదిమార్లు అభ్యసించినచో పది దిగుటలు! చీటీకి భయపడి ఆ అభ్యాసమును తగ్గించుకొనినచో నష్టపోవునది క్షేమమే. ప్రాణరక్షణకని తీసికొన్న మాటను పద్దుపుస్తకమున కెక్కించుట న్యాయము కాదన్న వారి ఫిర్యాదు సమంజసముగనే యున్నది. 2024 మే 16న అమెరికాలో వచ్చిన చట్టము కేవలము ఈ దండోరానే ఆధారము చేసికొని, నేరవిచారణ తప్ప, ఎవరిమీదను విచారణ ఆరంభింపరాదనినది; యజమానులు కోరినచో రిజిస్టరులోని పేరు, చిరునామా బహిరంగము చేయకుండుటకును వీలు కల్పించినది. రుసుముల వసూలుకు దీనిని వాడరాదను బిల్లు 2025లో వారి శాసనసభలో ప్రతిపాదింపబడినది.

ఇంత జరిగినను, కోపము వచ్చినదని నోరు మూసికొనుట పైలట్‌కు తగదు. 2014 మార్చి 8న 239 మందితో పోయిన మలేషియా విమానపు ట్రాన్స్‌పాండర్ మౌనము వహించిన పిమ్మట, అది వెనుకకు మరలినట్లు తెలిపినది ఆ తడుముకొను పాత రాడారే. సైన్యమువారి తెరమీద గూడ అది కొంతదూరము పోయి మాయమైనది. 2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో ప్రయాణికుల జెట్ విమానము, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది మరణించిరి. ఆ హెలికాప్టర్ ట్రాన్స్‌పాండర్ పలుకుచునే యున్నది గాని ఏ.డి.ఎస్.-బి. దండోరా మాత్రము వేయుట లేదు. ప్రమాదమునకు అదియొక్కటే కారణమనుట సాహసమగును. కాని సైన్యమునకు ఈ మినహాయింపు ఎంతవరకు తగునను చర్చ అక్కడ తీవ్రముగా లేచినది.

క్షేమమునకు కావలసినది విమానము ఎక్కడ నున్నదను సంగతి. ఎవరిదను సంగతి ఎదుటి పైలట్‌కు అక్కరలేదు. ఈ రెండింటిని విడదీయుట అసాధ్యము కాదు. అమెరికాలో 18,000 అడుగులకు దిగువ ఎగురు చిన్న విమానములకు 978 మెగాహెర్ట్జ్ మీద పలుకు వేరొక పరికరము గలదు. కంట్రోలర్ సేవ కోరకుండ కంటిచూపుతో ఎగురు సమయమున అది మారుచిరునామాతో పలుకగలదు. చోటు మాత్రము నిజమే చెప్పును. 1090 మెగాహెర్ట్జ్ మీద పలుకు విమానములకును, తమ దేశపు ఆకాశములో ఎగురునంతవరకు, తాత్కాలిక చిరునామా నిచ్చు ఏర్పాటును అక్కడి వైమానికశాఖ చేసినది. అయితే ఆ విమానము తోకమీద అసలు నంబరు పెద్ద అక్షరములలో వ్రాసియే యుండును. కంచెవద్ద దుర్భిణితో నిలిచినవాడు ఆ నంబరును చదివి, అదే నిమిషమున తన గ్రాహకములో వినబడిన క్రొత్త చిరునామాను దాని ప్రక్కన వ్రాసికొనును.