హాప్స్ చేదు, బెల్జియం ఈస్టు

బెల్జియన్ ఐపీఏ అనే బీరు రెండు సంప్రదాయాల సంగమం. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో కొత్త రూపు దాల్చిన ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ) దానికి చేదునివ్వగా, పండ్లనూ లవంగాన్నీ తలపించే పరిమళాన్ని బెల్జియం ఈస్టు ఇచ్చింది. చేదుకు మూలం హాప్స్ అనే తీగమొక్క ఆడపూలు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అంటే మాల్టు, నుంచి తీసిన తియ్యటి ద్రవంలో వీటిని మరిగించినప్పుడు వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు అణునిర్మాణం మార్చుకుని చేదెక్కుతాయి. బీరును పులిపించే బాక్టీరియాను కూడా ఇవి అడ్డుకుంటాయి కనుక, ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి నెలల తరబడి సాగే ఓడ ప్రయాణానికి హాప్స్ దండిగా వేసిన బీరు అనువైనదయింది. లండన్‌లోని హాడ్జ్‌సన్ బట్టీ నుంచి అది కలకత్తా, మద్రాసు రేవులకు చేరేది. పేరులో ఇండియా ఉన్నా, ఇక్కడి దొరల కోసం అక్కడ కాచినదే తప్ప అది ఈ నేల సరుకు కాదు.

1820లలో బర్టన్ పట్టణపు అల్సాప్ కంపెనీ ఈ వ్యాపారంలోకి దిగాక నీటి ప్రభావం స్పష్టమైంది. ఆ తేడా తెలియాలంటే ముందు సున్నపురాతి నేలల నీటిని చూడాలి. మన బేతంచెర్ల నాపరాళ్లకు ఆధారమైన సున్నపురాయి కాల్షియం కార్బొనేటు. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును ఇముడ్చుకున్న నీరు దాన్ని కరిగించి బైకార్బొనేటుగా మార్చుకుంటుంది. సమీపంలోని బిలస్వర్గం గుహలను తొలిచినది ఈ చర్యే. అలాంటి నీటిని కాచినప్పుడు గిన్నె అడుగున తెల్లని పొర కట్టడానికీ కారణం ఇదే. బర్టన్ నీటిలో మాత్రం ఎక్కువగా ఉన్నది జిప్సం, అంటే కాల్షియం సల్ఫేటు. అది కాచినా పోదు. దానిలోని కాల్షియం మాల్టు ద్రవపు ఆమ్లత్వాన్ని పెంచితే, సల్ఫేటు హాప్స్ చేదును స్ఫుటం చేస్తుంది. బైకార్బొనేటు ఇందుకు విరుద్ధంగా ఆమ్లత్వాన్ని తగ్గించి చేదును మొరటుగా మారుస్తుంది కాబట్టి, సున్నపురాతి నేలల నీటితో లేతరంగు చేదు బీరు చేయదలచినవారు ముందు దాన్ని కాచి తేర్చాలి, లేదా కొద్దిగా ఆమ్లం కలపాలి, ఆ తరువాత జిప్సం చేర్చుకోవాలి.

ఈ బీరు కథలో అన్నిటికన్నా ఆశ్చర్యకరమైనది ఈస్టు. బార్లీ గింజల నుంచి వచ్చే ఫెరూలిక్ ఆమ్లాన్ని కొన్ని ఈస్టులు లవంగపు వాసనగల వినైల్ గ్వాయకాల్‌గా మారుస్తాయి. అందుకు పీఏడీ1, ఎఫ్‌డీసీ1 అనే రెండు జన్యువులు పనిచేయాలి. బెల్జియం శాస్త్రజ్ఞుడు కెవిన్ వెర్‌స్ట్రెపెన్ పాల్గొన్న పరిశోధన 2016లో వెలువడింది. 157 ఈస్టు రకాలను పరిశీలించిన ఆ బృందం, తరతరాలుగా బీరుకు వాడుతూ వచ్చిన అనేక రకాల్లో ఈ జన్యువులు ఉత్పరివర్తనల వల్ల చెడిపోయాయని తేల్చింది. లవంగపు వాసనను దోషంగా భావించిన మనుషులు, తమకు తెలియకుండానే, అది లేని ఈస్టును ఎంచుకుంటూ వచ్చారన్నమాట. పలు బెల్జియం రకాల్లో ఆ శక్తి నిలిచి ఉండడం ఈ బీరుకు కలిసివచ్చింది.

అమెరికా బీర్ల ప్రేరణతో బెల్జియంలోని అర్తెల్ సంస్థ 2005లో హాప్-ఇట్ అనే ఇలాంటి బీరును తెచ్చింది. 1982లో 49 లీటర్ల తొలి కాపుతో మొదలైన అక్కడి అషూఫ్ బట్టీ, 2006లో టొమాహాక్, సాజ్, అమరిల్లో అనే మూడు హాప్స్‌తో 9 శాతం ఆల్కహాలుగల హూబ్లోన్ షూఫ్‌ను వెలువరించింది. కాలిఫోర్నియాలోని స్టోన్ సంస్థ ఎదురు దారిన వచ్చి, 2008లో తన ఐపీఏనే బెల్జియం ఈస్టుతో పులియబెట్టి కాలి-బెల్జీక్ అని పేరు పెట్టింది.

ఈ పొత్తు సులభంగా కుదరదు. బెల్జియం ఈస్టు చక్కెరలను దాదాపు పూర్తిగా తినేస్తుంది కనుక చేదును కప్పే తీపి మిగలదు; దానికి లవంగపు ఘాటు తోడైతే రుచి కటువవుతుంది. అందుకే నిపుణులు ఘాటు తక్కువగల ఈస్టును ఎంచి, పులిసే వేడిని అదుపులో ఉంచి, నారింజను తలపించే హాప్స్‌ను జతచేస్తారు. గులాబీలో కూడా ఉండే జెరానియోల్ అనే హాప్స్ తైలాంశాన్ని ఈస్టు నిమ్మవాసనగల సిట్రొనెల్లోల్‌గా మార్చగలదు కాబట్టి, కొందరు పులియడం ముగియకముందే మరికొంత హాప్స్ వేస్తారు.