ముహూర్తం, చిత్రం, హక్కు: బ్రాడీపేట పెళ్లి ఫోటోగ్రాఫర్ వృత్తి జీవనం

వ్యాస సంగ్రహం

పెళ్లి ఫోటోగ్రాఫర్ పనిని కళగానో, వ్యాపారంగానో చూడటం పరిపాటి. వివాహ క్రతువులో ఏ ఘట్టం కుటుంబ స్మృతిలో నిలుస్తుందో నిర్ణయించే శ్రామికుడిగా అతనిని చూసే దృష్టి అరుదు. గుంటూరు నగరంలోని బ్రాడీపేట నేపథ్యంగా ఈ వృత్తికి చెందిన కాలం, శ్రమ, చట్టపరమైన స్థితి అనే మూడు అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పెళ్లి ఫోటోగ్రఫీ, వృత్తి జీవనం, ముహూర్తం, సప్తపది, ఛాయాచిత్ర హక్కు, గుంటూరు.

1. ప్రవేశిక

బ్రాడీపేటలో చిరునామాను రెండు అంకెలతో చెబుతారు. మొదటిది లైను, రెండవది అడ్డరోడ్డు. ‘4/14’ అంటే నాలుగవ లైను, పద్నాలుగవ అడ్డరోడ్డు. నివాసాలు, ఆసుపత్రులు, దుకాణాలు కలగలిసిన ఇటువంటి పేటలో ఫోటో స్టూడియోకు రోజువారీ పని పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీయడం, పాత చిత్రాలను బాగుచేయడం, ఫ్రేములు కట్టడం. అసలు ఆదాయం మాత్రం పెళ్లిళ్లది. ఆ పని స్టూడియో గోడల మధ్య కాక, నగరంలోని కల్యాణమండపాలలోను, చుట్టూ పత్తి, మిరప పండే పల్లెలలోను జరుగుతుంది.

తెలుగు నేలపై ఫోటోగ్రఫీ చరిత్ర అనగానే హైదరాబాదు నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) గుర్తుకు వస్తాడు. పరదా పాటించే స్త్రీల కోసం ఆయన 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పాడు. ఆస్థాన చిత్రకారుడికి చరిత్రలో దక్కిన స్థానం, సామాన్య కుటుంబాల పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసినవారికి దక్కలేదు. తెలుగు ఇళ్లలో అత్యధికంగా భద్రపడి ఉన్న చిత్రాలు మాత్రం వీరు తీసినవే.

2. పంచాంగం నడిపే పని

ఈ వృత్తికి క్యాలెండరు పంచాంగమే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లకు పనికిరావు. గురు, శుక్ర మౌఢ్యాలలో ముహూర్తాలు పెట్టరు. మాఘ ఫాల్గుణాలు, వైశాఖ జ్యేష్ఠాలు, శ్రావణం, కార్తిక మార్గశిరాలు వచ్చేసరికి పని ఒక్కసారిగా ముంచుకొస్తుంది. మంచి ముహూర్తం ఒకటి ఉంటే ఊరూరా పెళ్లిళ్లే. ఒకే రాత్రి రెండు మండపాలలో ఉండటం సాధ్యం కాదు గనుక, ఫోటోగ్రాఫర్ తోటి వృత్తిదారులను రోజుకూలీపై పంపుతాడు, కెమెరాలు అద్దెకు తెస్తాడు. మౌఢ్యం వచ్చినా గది అద్దె, కెమెరా కోసం తీసుకున్న అప్పు వాయిదాలు ఆగవు.

ఈ మైదానంలో పంచాంగానికి పంట కూడా తోడవుతుంది. మిరప కోతలు మొదలై గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పోటెత్తే కాలం, మాఘ ఫాల్గుణ ముహూర్తాల కాలం ఇంచుమించు ఒకటే. రైతు కుటుంబం కొంత అడ్వాన్సు ఇచ్చి, మిగిలినది పంట అమ్మాక ఇస్తామంటే ఫోటోగ్రాఫర్ కాదనలేడు. మంచి ధర కోసం మిర్చి టిక్కీలు శీతల గిడ్డంగిలో ఎంతకాలం ఆగితే అతని బాకీ కూడా అంతకాలం ఆగుతుంది.

3. మండపంలో శ్రమ

తెలుగువారి పెళ్లిలో సుముహూర్తం జీలకర్ర–బెల్లం ఘట్టమే. అడ్డుతెర తొలగే వేళ వధూవరుల తొలి చూపు, తలలపై చేతులు, వెనుక నిలిచిన తల్లిదండ్రుల ముఖాలు కొద్ది క్షణాలలో చిత్రంలోకి రావాలి. తలంబ్రాలను మరోసారి పోయించవచ్చు. దండలు మళ్లీ వేయించవచ్చు. జీలకర్ర–బెల్లాన్ని, మాంగల్యధారణను తిరిగి చేయించలేరు. అందుకే ఫోటోగ్రాఫర్‌కు మండపంలో ముఖ్య సహచరుడు పురోహితుడు. “పంతులుగారూ, ఒక్క నిమిషం” అన్న మాటకు ఆయన మంత్రం ముగించి ఆగితే మూడుముళ్లూ స్పష్టంగా దక్కుతాయి. ముహూర్తం మించిపోతుంటే ఆ నిమిషం కూడా దొరకదు.

ఆడపెళ్లివారు, మగపెళ్లివారు వేర్వేరుగా ఫోటోగ్రాఫర్లను పెట్టుకున్నచోట చిక్కు పెరుగుతుంది. ఇరుపక్షాల కెమెరాలు, వీడియో దీపాలు వేదిక ముందు నిలిచేసరికి, వచ్చిన బంధువులకు ముహూర్తం కనిపించదు. వారు దానిని ఎల్‌ఈడీ తెరపై చూస్తారు. క్రతువును నమోదు చేయడానికి వచ్చిన సాధనమే క్రతువును చూసే పద్ధతిని మార్చింది.

ఫిల్మ్ కాలంలో ఎంపిక షట్టర్ నొక్కకముందే జరిగేది. 120 రోల్‌పై చదరపు నెగటివులు పన్నెండు. 35 ఎంఎం రోల్‌పై ముప్పైయారు. మాంగల్యధారణ నడుమ రోల్ అయిపోకుండా ముందే లెక్క వేసుకోవడం అప్పటి నైపుణ్యం. డిజిటల్ కెమెరా ఆ లెక్కను తొలగించి, ఎంపిక శ్రమను పెళ్లి తర్వాతికి జరిపింది.

4. పెళ్లి తర్వాతి పని

రాత్రంతా మండపంలో గడిపినవారు తెల్లవారి మొదట చేసేది మెమరీ కార్డులలోని చిత్రాలను రెండు హార్డ్ డిస్కులలోకి ఎక్కించడం. ఒక్క ప్రతి చెడితే పెళ్లి మళ్లీ జరగదు. తర్వాత కళ్లు మూసుకున్నవి, మసకబారినవి ఏరివేయడం, రంగులు సరిచేయడం, ఆల్బమ్ షీట్లు కూర్చడం సాగుతాయి. ఆల్బమ్‌లోకి వెళ్లవలసిన చిత్రాలను కుటుంబం ఎంచాలి. ఇక్కడే నెలలు గడుస్తాయి. మేనత్త ఉన్న చిత్రం లేదని ఒకరు, వియ్యపురాలికి పేజీలు ఎక్కువయ్యాయని మరొకరు మార్పులు కోరతారు. చివరి విడత డబ్బు ఆల్బమ్ చేతికందాకే వస్తుంది కనుక బంధుత్వాల తూకం సరిపోయేదాకా ఫోటోగ్రాఫర్ వేతనం ఆగుతుంది.

5. కెమెరా దృష్టి, చట్టం దృష్టి

హిందూ వివాహ చట్టం, 1955లోని 7వ సెక్షన్ ప్రకారం వధూవరులలో ఏ ఒక్క పక్షపు ఆచారం మేరకైనా వివాహం జరగవచ్చు. ఆ ఆచారంలో సప్తపది భాగమైతే ఏడవ అడుగుతో వివాహం సంపూర్ణమవుతుంది. అవసరమైన క్రతువు జరగనిదే కేవలం రిజిస్ట్రేషన్ పత్రం హిందూ వివాహాన్ని సిద్ధింపజేయదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టం చేసింది.

ఆల్బమ్‌లో ఘట్టాలకు దక్కే ప్రాధాన్యం దీనికి భిన్నం. జీలకర్ర–బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలకు పేజీలు నిండుతాయి. సప్తపది వేళకు చాలా పెళ్లిళ్లలో బంధువులు భోజనాలకు లేస్తారు. కానుకలిచ్చేవారితో ఫోటోల తొందర మొదలవుతుంది. చట్టం వివాహానికి ముగింపుగా గుర్తించే అడుగు ఒక మూల చిన్న చిత్రంగా మిగులుతుంది. రిజిస్ట్రేషన్ దరఖాస్తుకు శుభలేఖతో పాటు పెళ్లి ఫోటో జతచేయడం పరిపాటి. వివాహం జరిగిందా లేదా అన్న వివాదం తలెత్తితే అలంకారంగా తీసిన చిత్రమే ఆధారంగా ముందుకు వస్తుంది. తీసేనాడు ఫోటోగ్రాఫర్‌కు గాని, కుటుంబానికి గాని ఆ స్పృహ ఉండదు.

6. చిత్రంపై హక్కు

కాపీరైట్ చట్టం, 1957 ఫోటో తీసిన వ్యక్తినే దానికి కర్తగా గుర్తిస్తుంది. అయితే ఒకరి కోరికపై ప్రతిఫలం తీసుకుని తీసిన ఫోటోకు, వీడియోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించినవారే తొలి హక్కుదారులని 17(బి) సెక్షన్ చెబుతుంది. కర్తృత్వాన్ని చాటుకునే ప్రత్యేక హక్కు 57వ సెక్షన్ కింద ఫోటోగ్రాఫర్‌కు మిగులుతుంది.

పెళ్లి సందర్భంలో తీయించినవారు సాధారణంగా వధువు తండ్రి లేదా వరుని తండ్రి. చిత్రంలో ఉన్నది వధువు. అంటే తీసినవారికి, కనిపించేవారికి కాక, డబ్బు చెల్లించినవారికి హక్కు దఖలుపడుతుంది. ప్రచారం కోసం ఆ చిత్రాలను సామాజిక మాధ్యమాలలో పెట్టేటప్పుడు ఈ తేడా పైకి వస్తుంది. చాలాచోట్ల ఒప్పందం నోటిమాటగానో, అడ్వాన్సు రసీదుగానో ఉంటుంది. అందులో తేదీ, మొత్తం, ఆల్బమ్ షీట్ల సంఖ్య ఉంటాయి. వధువు సమ్మతికి చోటుండదు.

7. ముగింపు

పెళ్లి ఫోటోగ్రాఫర్ కాలాన్ని పంచాంగం, వేతనాన్ని పంట ధర, బంధువుల ఎంపిక, హక్కును చట్టం నిర్ణయిస్తున్నాయి. అతని చేతిలో మిగిలేది ఏ క్షణంలో షట్టర్ నొక్కాలన్న నిర్ణయం ఒక్కటే. తరువాతి తరానికి పెళ్లిగా తెలిసేది ఆ నిర్ణయంలో దక్కినదే. సప్తపదిని స్పష్టంగా చిత్రీకరించడం, చిత్రాల వినియోగంపై వధూవరులిద్దరి సమ్మతిని రసీదులో ఒక వాక్యంగా చేర్చడం ఖర్చు లేని మార్పులు. ఇంటి ఆల్బమ్‌లను సాంఘిక చరిత్రకు ఆధారాలుగా చదివే పరిశోధకులు, పేజీలు నిండిన ఘట్టాలతో పాటు మూలకు చేరిన ఘట్టాలను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంది.