సాయంత్రం పాలకు కరెంటు ఖరీదెందుకు?

సంఘంలో బల్క్ కూలర్ పెట్టిన తరువాత పాల ఖర్చులో కరెంటు బిల్లు కూడా ఒక పద్దుగా చేరింది. పాలను క్యానుల్లో పోసి లారీ రాక కోసం ఎదురుచూసిన రోజుల్లో సంఘానికి కరెంటుతో పని దీపానికీ, వెన్న శాతం చూసే యంత్రానికీ మించి వుండేది కాదు. ఇప్పుడు అలా కాదు. పితికిన వెంటనే 35 డిగ్రీల వేడితో వచ్చే పాలను 4 డిగ్రీలకు దించాలి. వెయ్యి లీటర్ల పాలను అంత చల్లబరచాలంటే వాటిలోనుంచి తీయవలసిన వేడి సుమారు 35 యూనిట్లకు సమానం. కంప్రెసర్ తాను వాడుకున్న కరెంటుకు రెండింతలకు పైగా వేడిని తోడి బయట పోయగలదు కాబట్టి మీటరు మీద పడేది 15 యూనిట్ల దాకా వుంటుంది. కండెన్సర్ రేకుల మీద దుమ్ము పేరుకుంటే అంతకు మించుతుంది.

ఈ 15 యూనిట్లు ఏ వేళ వాడితే ఏమిటని ఇంతకాలం ఎవరూ అడగలేదు. అయితే విద్యుత్తును టోకున కొనే చోట, అమ్మే చోట పరిస్థితి మారిపోయింది. అక్కడ మధ్యాహ్నం యూనిటూ సాయంత్రం యూనిటూ ఇప్పుడు ఒక సరుకు కావు. ఈ తేడా మెల్లమెల్లగా మన బిల్లుదాకా వస్తున్నది. అది ఎలా వచ్చిందో తెలుసుకుంటే సంఘం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో కూడా తెలుస్తుంది.

వెనుకటి రోజుల్లో కరెంటు ఉత్పత్తి చేసేదీ, మోసేదీ, ఇంటింటికీ ఇచ్చేదీ ఒకే సంస్థ. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు. 1998లో రాష్ట్రం విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999లో బోర్డు పోయి ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో ఏర్పడ్డాయి. ధరలు నిర్ణయించే అధికారం నియంత్రణ మండలికి వచ్చింది. 2000లో పంపిణీ పని డిస్కములకు అప్పగించారు. అదే సంవత్సరం చార్జీల పెంపు మీద ఆందోళన సాగి, ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో జరిగిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కరెంటు రేటు అనేది లెక్కల పుస్తకంలో తేలిపోయే విషయం కాదని ఆ రోజులు చూసినవారికి చెప్పనక్కరలేదు.

2003లో కేంద్రం చేసిన విద్యుత్ చట్టం మరొక తలుపు తెరిచింది. విద్యుత్ కేంద్రం పెట్టడానికి లైసెన్సు అక్కరలేదనీ, కరెంటును కొని అమ్మడం ఒక ప్రత్యేక వ్యాపారమనీ, ఒకరి తీగల మీద మరొకరు తమ కరెంటును పంపుకోవచ్చుననీ ఆ చట్టం చెప్పింది. 2008లో విద్యుత్ ఎక్స్ఛేంజి మొదలయింది. ఈనాటికీ దేశంలో ఎక్కువ కరెంటు దీర్ఘకాలపు ఒప్పందాల మీదనే నడుస్తున్నది. ఎక్స్ఛేంజి వాటా పదో వంతు లోపే. అయినా చాలని ఆ చివరి కొంచెం ఎక్కడ దొరుకుతుందో అక్కడి ధరే అందరినీ కదిలిస్తుంది.

ఎక్స్ఛేంజిలో ధర కట్టే తీరు పాల వ్యాపారం తెలిసినవారికి సులభంగానే అర్థమవుతుంది. రేపటి రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేస్తారు. ఒక్కొక్క ముక్కకు అమ్మేవారు తమ ధర చెబుతారు, కొనేవారు తమ ధర చెబుతారు. తక్కువ ధర చెప్పినవారి సరుకు ముందుగా తీసుకుంటారు. కొనేవారి అవసరం తీరేదాకా ఒక్కొక్కరినీ కలుపుకుంటూ పోయి, చివరగా తీసుకున్నవారి ధరనే ఆ 15 నిమిషాలకు అందరికీ ఇస్తారు. ఒక వూరికి వంద లీటర్లు కావాలి, తొంభై లీటర్లు తక్కువకే దొరికాయి, చివరి పది లీటర్లు పట్నంనుంచి తేవలసి వచ్చింది అనుకోండి. వంద లీటర్లకూ పట్నం ధర కట్టినట్టన్న మాట. చివరి లీటరు ఎక్కడిది అన్నదే ప్రశ్న.

ఆ చివరి లీటరు ఎంత దూరంనుంచి రాగలదన్నది దారిని బట్టి వుంటుంది. పాల వెల్లువ పథకం 1970లో మొదలయినప్పుడు చేసిన పెద్ద పని ఇదే గదా. పాలు వున్న చోటును, పాలు కావలసిన చోటును టాంకర్లతో, రైళ్లతో కలిపి జాతీయ పాల గ్రిడ్ అన్నారు. దారి లేనప్పుడు ఒక చోట పాలు కొనే నాథుడు లేక పారబోశారు, మరొక చోట పసిబిడ్డకు పాలు దొరకలేదు.

కరెంటుకు ఆ దారి దక్షిణాదికి చాలా ఆలస్యంగా వచ్చింది. దేశంలో ఐదు ప్రాంతీయ గ్రిడ్‌లుండేవి. ఉత్తర, తూర్పు, పడమర, ఈశాన్య గ్రిడ్‌లు ఒకటొకటిగా కలిసి 2006 నాటికి ఒకే గ్రిడ్ అయ్యాయి. దక్షిణ గ్రిడ్ మాత్రం విడిగా మిగిలింది. ఒకే గ్రిడ్ అంటే యంత్రాలన్నీ ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లాగా ఒకే అడుగు వేయాలి. దక్షిణాది అడుగు వేరు. అందుచేత చంద్రపూర్-రామగుండం దగ్గరా, విశాఖపట్నం గాజువాక దగ్గరా, తాల్చేరు-కోలారు లైను మీదా కరెంటును ఒక రకంనుంచి మరొక రకానికి మార్చి, తిరిగి మార్చి ఇవతలికి తెచ్చుకునేవారు. హద్దు దగ్గర ఒక టాంకరులోనుంచి ఇంకొక టాంకరులోకి పాలు వంపుకున్నట్టు. వంపుకోగలిగినంతే వచ్చేది.

ఆ దారి నిండిపోయిన గంటల్లో ఎక్స్ఛేంజి మార్కెట్టు రెండుగా చీలేది. ఉత్తరాన ఒక ధర, మన దగ్గర ఇంకొక ధర. 2012, 2013 ప్రాంతాల్లో మన ధర అవతలివారి ధరకు రెట్టింపు దాటిన నెలలున్నాయి. అవతల మిగులు కరెంటు వుండి కూడా మనకు రాలేదు. ఇక్కడ ఒక చిత్రం కూడా చెప్పుకోవాలి. 2012 జూలై 30న ఉత్తర గ్రిడ్, మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కుప్పకూలి దేశంలో సగం చీకటైనప్పుడు దక్షిణాదిలో దీపాలు వెలుగుతూనే వున్నాయి. విడిగా వుండడమే ఆ రెండు రోజులూ మనల్ని కాపాడింది. కాని రెండు రోజుల రక్షణ కోసం ఏడాది పొడుగునా రెట్టింపు ధర పెట్టడం ఎవరికీ లాభం కాదు.

2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ గ్రిడ్‌ను మిగతా దేశంతో కలిపారు. మరునాటికే ధరలు కలిసిపోలేదు. ఒక్క లైను వేసినంత మాత్రాన దారి వెడల్పు కాదు. తరువాతి యేళ్లలో మరికొన్ని పెద్ద లైన్లు పడ్డాయి. 2021 నాటికి ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్‌నుంచి తమిళనాడులోని పుగళూరుకు 6000 మెగావాట్లు మోయగల లైను పూర్తయింది. ఆ తరువాత ప్రాంతానికీ ప్రాంతానికీ ధరలో తేడా చాలా గంటల్లో కనబడకుండా పోయింది.

ఆ తేడా పోయేసరికి ఇంకొక తేడా వచ్చింది. అది గంటకూ గంటకూ తేడా. కారణం ఎండ. ప్రభుత్వ విధానం సౌర విద్యుత్తును ప్రోత్సహించడంతో 2010 తరువాతి దశాబ్దంలో మన మెట్ట నేలల్లో పలకలు పరుచుకున్నాయి. కర్నూలులో 1000 మెగావాట్లు, పొరుగున కర్ణాటక పావగడలో 2000 మెగావాట్లు దాటిన పార్కులు వెలిశాయి. ఎండకు ఇంధన ఖర్చు లేదు. కనుక పగలు పదినుంచి మూడు దాకా చివరి లీటరు కూడా చవకే. 2025 మేలో అప్పటికప్పుడు కొనే మార్కెట్టులో కొన్ని పగటి ముక్కల్లో ధర సున్నా దరిదాపులకు దిగింది. అదే ఆరు దాటి పలకలు చల్లబడేసరికి ఇళ్లలో దీపాలు, ఫ్యానులు, చల్లని యంత్రాలు ఒక్కసారిగా మొదలవుతాయి. అప్పుడు చివరి లీటరు బొగ్గుదో, గ్యాసుదో, ఖరీదైన దేదో అవుతుంది.

పాలు ఎక్కువైన నెలల్లో మనం పొడి చేసి, వెన్న తీసి దాచి, ఎండాకాలంలో కలుపుకుంటాం. కరెంటుకు అలాంటి పొడి లేదు. చవక వేళ నీటిని మీదికి తోడి, ఖరీదు వేళ కిందికి వదలడమొక్కటే పెద్ద ఎత్తున తెలిసిన పాత ఉపాయం. శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలో, నాగార్జునసాగర్‌లో ఇటువంటి రెండు వైపులా తిరిగే యంత్రాలున్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1680 మెగావాట్ల ప్రాజెక్టును తలపెట్టినదీ ఇందుకే. పెద్ద బ్యాటరీలు కూడా వస్తున్నాయి. ఇవన్నీ చాలినంత అయ్యేదాకా సాయంత్రం కరెంటు ఖరీదుగానే వుంటుంది.

ఖరీదు మాట అటుంచి, ఒక్కొక్కప్పుడు సరుకే వుండదు. 2022 మార్చిలో ఎండలు ముందే ముదిరాయి. బొగ్గు నిల్వలు పలచబడ్డాయి. యుక్రెయిన్ యుద్ధంతో దిగుమతి బొగ్గు ధర ఎగిరింది. ఎక్స్ఛేంజిలో యూనిటు 20 రూపాయల గరిష్ఠాన్ని తాకింది. కేంద్ర నియంత్రణ మండలి ఏప్రిల్ మొదట్లో 12 రూపాయలకు మించరాదన్నది. 2023 ఏప్రిల్‌లో దానిని 10 చేశారు. పరిమితి పెడితే ధర ఆగుతుంది గాని కరెంటు పెరగదు. 2022 ఏప్రిల్‌లో డబ్బు పెట్టినా దొరకక ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించవలసి వచ్చింది. పల్లెల్లో కోతలు పడ్డాయి.

ఇక మన బిల్లు సంగతి. 2023లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. సౌర గంటలుగా రాష్ట్ర మండలి నిర్ణయించిన రోజుకు ఎనిమిది గంటల్లో రేటు మామూలు రేటుకన్నా కనీసం 20 శాతం తక్కువగా వుండాలి. రద్దీ గంటల్లో వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు మామూలు రేటుకు 1.2 రెట్లకు, మిగతావారికి 1.1 రెట్లకు తగ్గరాదు. 10 కిలోవాట్ల గరిష్ఠ డిమాండు దాటిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్ 1లోగా, వ్యవసాయం తప్ప మిగతావారికి 2025 ఏప్రిల్ 1లోగా అమలు చేయాలన్నారు. స్మార్ట్ మీటరు బిగించిన చోట వెంటనే వర్తిస్తుంది. ఏ గంటలు రద్దీవో, మన సంఘం ఏ కేటగిరీలో వుందో ఆయా రాష్ట్రాల టారిఫ్ ఉత్తర్వును బట్టి వుంటుంది. బిల్లు మీద కేటగిరీ ముద్రించి వుంటుంది, కార్యదర్శులు చూసుకోవాలి.

గేదె ఎక్స్ఛేంజిని చూసి పాలివ్వదు. సాయంత్రం పాలు అయిదుకూ ఏడుకూ మధ్య వస్తాయి. కూలర్ పది దాకా తిరుగుతుంది. సరిగ్గా అది రద్దీ వేళ. ఎంత నష్టమో లెక్క వేద్దాం. మామూలు రేటు 7 రూపాయలనుకుంటే రద్దీ వేళ 8 రూపాయల 40 పైసలు, సౌర గంటల్లో 5 రూపాయల 60 పైసలు. వెయ్యి లీటర్ల సాయంత్రం పాలకు 15 యూనిట్లు రద్దీ వేళ వాడితే మామూలు రేటుకన్నా రోజుకు 21 రూపాయలు ఎక్కువ. ఏడాదికి 7,600 రూపాయల పైమాటే. లీటరుకు రెండు పైసలే గదా అనవచ్చు. బోనసు పంచే సంఘం లెక్కలో అది చిన్న మొత్తం కాదు.

దీనికి పాత శీతల కేంద్రాల్లో ఒక మందు వుండేది. ఐస్ బ్యాంక్ ట్యాంకు. పగలు కరెంటు చవకగా వున్నప్పుడు మంచు కట్టి, సాయంత్రం ఆ చల్లని నీటితో పాలు చల్లబరచడం. వెయ్యి లీటర్లకు 375 కిలోల మంచు కావాలి. మంచు కట్టడానికి కంప్రెసరుకు కొంత ఎక్కువ కష్టం, కొంత చల్లదనం వృథా అవుతుంది. 15 చోట 18 యూనిట్లు అనుకుందాం. 18 యూనిట్లకు 5 రూపాయల 60 పైసల చొప్పున నూటొక్క రూపాయి. రద్దీ వేళ 15 యూనిట్లకు 126 రూపాయలు. మిగిలేది రోజుకు 25 రూపాయలు. వెయ్యి లీటర్ల సంఘం దీని కోసమే కొత్త యంత్రం కొనడం నా లెక్కలో దండుగ. రోజూ సాయంత్రం 20,000 లీటర్లు చల్లబరిచే కేంద్రానికి మాత్రం ఏడాదికి లక్షా ఎనభై వేలు. అక్కడ ఆలోచించాలి. కప్పు మీద సోలారు పలకలు పెట్టాలనుకునే సంఘాలు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. పలకలు కరెంటు ఇచ్చే మధ్యాహ్నం మన కూలర్ ఖాళీగా వుంటుంది.

చిన్న సంఘానికి అసలు దెబ్బ రద్దీ రేటు కాదు, కోత. లీటరు డీజిలుకు జనరేటరు మూడు, మూడున్నర యూనిట్లకు మించి ఇవ్వదు. అంటే యూనిటు పాతిక రూపాయలు దాటుతుంది. ఎనిమిదిన్నర రూపాయల రద్దీ కరెంటు దానిముందు చవక. డీజిలు కూడా లేక పాలు పులిస్తే ఏ లెక్కా నిలవదు.

అందుచేత సంఘాలు అడగవలసినది రేటు తగ్గింపు ఒక్కటే కాదు. ఉదయం, సాయంత్రం పాల సేకరణ వేళల్లో కూలర్ వున్న ఫీడరుకు కోత లేకుండా చూడాలని కూడా అడగాలి. డిస్కములు ఏటా నవంబరు నెలాఖరులోగా వచ్చే సంవత్సరపు ఆదాయ వ్యయాలను నియంత్రణ మండలికి సమర్పిస్తాయి. తరువాత మండలి అభ్యంతరాలు పిలిచి బహిరంగ విచారణ జరుపుతుంది. ఎవరైనా రాయవచ్చు. అక్కడ మాట కన్నా అంకె బలమైనది. ప్రతి పూటా పాలు పోయడం మొదలైన వేళ, ముగిసిన వేళ, కూలర్ ఆగిన వేళ, మీటరు అంకె, కరెంటు పోయిన నిమిషాలు, జనరేటరు తాగిన డీజిలు పాల పుస్తకంలోనే ఒక గడి గీసి రాసుకోవలసింది. డిసెంబరు మొదటి వారానికి మూడు నెలల వివరాలు యూనియన్ ఇంజినీరింగు విభాగానికి చేరితే జిల్లా మొత్తం మీద ఒకే అర్జీ తయారు చేయడానికి వీలవుతుంది.