ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క నిమిషం

శుక్రవారం సెలవు కదా, ఇక్కడ నజ్రాన్‌లో మనవాళ్ళ ఇళ్ళకు వెళ్తే టీ తాగాక తప్పకుండా వచ్చే మాట ఒకటుంది. "అన్నా, లాప్‌టాప్ బాగా స్లో అయిపోయింది, ఫార్మాట్ కొట్టేద్దామా?" కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి కాదు. తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో అడిగితే చేసిపెడుతుంటాను, అంతే. విండోస్ మళ్ళీ ఎక్కించడం గంటన్నర, రెండు గంటల పని. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే వాళ్ళే చేసేయగలరు. కష్టమంతా దానికి ముందు ఉంటుంది. పరదేశంలో మన ఇళ్ళకు ఆ పాత లాప్‌టాపే బీరువా. పిల్లల బర్త్ సర్టిఫికెట్ స్కాన్లు, అటెస్టేషన్ అయిన డిగ్రీ కాపీలు, ఊళ్ళో స్థలం కాగితాలు, నాన్నగారి షష్టిపూర్తి ఫోటోలు అన్నీ అందులోనే ఉంటాయి. చాలా ఇళ్ళల్లో వాటికి రెండో కాపీ ఉండదు. ఫార్మాట్ అంటే ఆ బీరువాను ఖాళీ చేయడమే.

అసలు ఫార్మాట్ అవసరమా అన్నది మొదట చూడాలి. నజ్రాన్ ఎడారి అంచున ఉన్న ఊరు, తూర్పుగా వెళ్తే రుబ్ అల్ ఖాలీ ఇసుకే. గాలి లేచిన రోజు కిటికీలు మూసినా టేబుల్ మీద పొర కనిపిస్తుంది. పైగా మనం లాప్‌టాప్‌ని కార్పెట్ మీదో పరుపు మీదో పెట్టుకుని వాడతాం. అడుగున ఉన్న ఫ్యాన్ ఆ నూగునూ దుమ్మునూ లోపలికి లాగేస్తుంది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కితే, కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మనకు అది "స్లో అయింది" అని కనిపిస్తుంది. దీనికి విండోస్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, డబ్బాలో వచ్చే కంప్రెస్డ్ ఎయిర్‌ని చిన్న చిన్న విడతలుగా కొట్టండి. ఫ్యాన్ రెక్కను టూత్‌పిక్‌తో కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే గాలి వేగానికి గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ మాత్రం వద్దు, దాని గొట్టం దగ్గర స్టాటిక్ కరెంట్ పుడుతుంది. ఈ పొడి గాలిలో అది మరీ ఎక్కువ. మూత విప్పితే ముందు ఏదైనా ఇనుప వస్తువును ముట్టుకుని, ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు కనిపిస్తే లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని నొక్కవద్దు, ఛార్జింగ్ ఆపేసి మార్పించండి.

డెస్క్‌టాప్ ఉన్నవాళ్ళకు ఇంకో మాట. సౌదీలో పాత ఇళ్ళల్లో 110 ప్లగ్గులూ 220 ప్లగ్గులూ రెండూ ఉంటాయి. లాప్‌టాప్ అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా దేన్నైనా తీసుకుంటాయి, భయం లేదు. పాత డెస్క్‌టాప్ వెనక మాత్రం 115, 230 అని రాసిన చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. ఇల్లు మారినప్పుడు దాన్ని చూడకుండా ప్లగ్ పెడితే, 115 మీద ఉన్న స్విచ్‌కి 220 తగిలి సప్లై పేలిపోతుంది.

దుమ్ము దులిపినా తీరు మారలేదా? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉంటే, లోపల ఉన్నది పాత హార్డ్ డిస్క్ అయితే, ఫార్మాట్ కంటే ఎస్ఎస్‌డి వేయించడం మేలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ డిస్క్ ఆరోగ్యం చూపిస్తుంది. అక్కడ పసుపు రంగులోనో ఎరుపులోనో హెచ్చరిక కనిపిస్తే ఆ డిస్క్ మీద కొత్తగా ఏమీ ఎక్కించకండి. ముందు ఫోటోలు బయటకు తీయండి.

ఇక బీరువా ఖాళీ చేసే పని. సి డ్రైవ్‌లో యూజర్స్ కింద మీ పేరుతో ఉన్న ఫోల్డర్ మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. చేశాక ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫోటోలు, రెండు పీడీఎఫ్‌లు తెరిచి చూడాలి. ఇక్కడ ఒక మోసం ఉంది. చాలామందికి తెలియకుండానే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌లోకి వెళ్ళి ఉంటాయి. ఫైల్ పక్కన మేఘం గుర్తు ఉంటే అది మీ కంప్యూటర్‌లో లేదని, పేరు మాత్రమే ఉందని అర్థం. దాని మీద రైట్ క్లిక్ చేసి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ అని పెట్టి, దిగాక కాపీ చేయండి. క్రోమ్‌లో సేవ్ అయిన పాస్‌వర్డులు గూగుల్ అకౌంట్‌తో సింక్ అవుతున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, దాన్ని ఏ షాపువాడూ చెప్పడు. పాత తెలుగు ఫైళ్ళు, అంటే పెళ్ళి శుభలేఖలు, తాతగారి గురించి టైప్ చేయించిన వ్యాసాలు, సంఘం సావనీర్లు, అను ఫాంట్లలో చేసినవి ఎన్నో ఇళ్ళల్లో ఉన్నాయి. అవి యూనికోడ్ కాదు. ఫార్మాట్‌తో ఆ ఫాంట్ పోతే తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫైల్ ఉంటుంది, చదవలేం. అందుకే ఫాంట్ ఇంకా ఉండగానే ప్రతి ఫైల్‌నీ తెరిచి పీడీఎఫ్‌గా సేవ్ చేయండి, ఫాంట్ ఫైళ్ళనూ వేరుగా దాచుకోండి. గౌతమి ఫాంట్‌తో చేసినవాటికి ఇంత బెంగ అక్కర్లేదు. అది యూనికోడే కాబట్టి అక్షరాలు పోవు. కొత్త విండోస్‌లో గౌతమి ముందుగా ఉండదు, తెలుగు భాషను జోడిస్తే దాని అదనపు ఫాంట్లతో పాటు వస్తుంది.

ఇంకొకటి బిట్‌లాకర్ కీ. ఈ మధ్య లాప్‌టాపుల్లో డిస్క్ తనంతట తానే తాళం వేసుకుని ఉంటుంది. దాని రికవరీ కీ 48 అంకెలు, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. బయోస్‌లో ఏదైనా మార్చినప్పుడు అది అడిగితే, అప్పుడు వెతుక్కోవడం కాదు. ముందే కాగితం మీద రాసుకోండి.

ఎక్కించే పద్ధతులు రెండు. కంప్యూటర్ ఆన్ అవుతూ ఉంటే సులువైంది సెట్టింగ్స్‌లో రికవరీ కింద ఉండే ‘రీసెట్ దిస్ పీసీ’. ‘కీప్ మై ఫైల్స్’ అంటే ప్రోగ్రాములు పోతాయి, మీ ఫైళ్ళు ఉంటాయి. అయినా కాపీ తీసుకోకుండా దాన్ని నొక్కవద్దు. వైరస్ అనుమానం ఉంటే, లేదా కంప్యూటర్ అసలు లేవకపోతే పెన్ డ్రైవ్ పద్ధతే మంచిది. ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దింపి, కనీసం 8 జీబీ ఉన్న ఖాళీ పెన్ డ్రైవ్ మీద తయారుచేయాలి. పెన్ డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. అదే పూట లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి వైఫై డ్రైవర్ కూడా దింపి పెట్టుకోండి. విండోస్ 11 సెటప్ మధ్యలో ఇంటర్నెట్ అడుగుతుంది, వైఫై పట్టకపోతే అక్కడే ఆగిపోతారు. ఆన్ చేస్తూనే డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే బూట్ మెనూ వస్తుంది. ఇంటెల్ 11వ తరం, ఆపైన లాప్‌టాపుల్లో కొన్నింట్లో సెటప్‌కి డిస్కే కనిపించదు. డిస్క్ పోయిందని కంగారు పడకండి, ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ అడుగుతోందంతే.

ప్రొడక్ట్ కీ కోసం డబ్బు పెట్టకండి. విండోస్ 8 రోజుల నుంచి కంపెనీ లాప్‌టాపుల కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. సెటప్ దాన్నే చదువుకుని, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. బజారులో ఇచ్చినప్పుడు ఎవరైనా "యాక్టివేటర్ వేశా" అంటే మాత్రం జాగ్రత్త. ఆ దొంగ ప్రోగ్రాముల వెంట పాస్‌వర్డులు లాగేవి కూడా వస్తుంటాయి, మనం అదే కంప్యూటర్‌లో బ్యాంకు తెరుస్తాం. షాపులో మనం హిందీలోనో సగం అరబిక్‌లోనో ఎంత వివరించినా ‘ఫార్మాట్’ అన్న ఒక్క మాటే బాగా అర్థమవుతుంది, ‘ఫోటోలు ఉంచు’ అన్నది కాదు. డిస్క్ ఖాళీ చేసుకుని ఇవ్వడమే నయం.

కొత్త విండోస్‌లో మొదటిరోజు చాలామంది ఫోన్ చేసేది పాస్‌వర్డ్ తప్పంటోందని. ఇక్కడ కొన్న లాప్‌టాప్ అయితే లాక్ స్క్రీన్ మూల చూడండి, అరబిక్ అయిన్ అక్షరం ఉంటే కీబోర్డు అరబిక్‌లో ఉంది. విండోస్ మీటా, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. తెలుగుకు అదే సెట్టింగ్స్‌లో ‘తెలుగు ఫొనెటిక్’ కీబోర్డు ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది. విండోస్ అప్‌డేట్ ఒకసారితో అయిపోదు, రీస్టార్ట్ చేస్తూ ఇక ఏమీ లేదనేదాకా నడపండి. యాంటీవైరస్‌కి అందులో ఉన్న డిఫెండర్ ఇంటికి సరిపోతుంది.

చివరిగా పాత లాప్‌టాపుల సంగతి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంటి వాడకందార్లు అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ కావాలి. అంతకన్నా పాతదాన్ని పిల్లల చదువుకో, అమ్మమ్మతో వీడియో కాల్‌కో ఉంచుకోవాలంటే లినక్స్ మింట్ వేస్తాను నేను. 4 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తుంది, ఖర్చు లేదు. ముందు పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూసి, వైఫై, కెమెరా పనిచేస్తే అప్పుడు ఎక్కించుకోవచ్చు.